పుణ్యవతి గారు చూసిన ఊళ్లు

నా పేరు ఎల్లేశం. గోపన్‌పల్లి నుంచి తెల్లాపూర్ పోయే రోడ్డు మీద ఒక షట్టర్‌లో ట్రావెల్స్ ఆఫీసు నడుపుతున్నాను. ఒక పక్క కర్రీ పాయింట్, ఇంకో పక్క జిరాక్స్ షాపు. చెప్పబోయేది నా గురించి కాదు, మా వీధి చివరి అపార్ట్‌మెంట్‌లో ఉండే పుణ్యవతి గారి గురించి. కానీ ముందు నేను చేసిన వెధవ పని ఒకటి ఒప్పుకోవాలి. అది దాచి ఆమె గురించి చెబితే మీరు నన్ను మంచివాళ్లలో కలిపేస్తారు. అరవై ఒక్కేళ్లు వచ్చాయి, ఇంకా ఆ ముసుగెందుకు?

ముప్పై ఏళ్ల కిందట నాంపల్లిలో టూరిస్టు బస్సుల ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆ ఆఫీసు ఇప్పుడు లేదు, దాని యజమానీ లేడు. సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగులకు ఎల్టీసీ అని ఒక సదుపాయం ఉంటుంది. నాలుగేళ్లకోసారి భార్యాపిల్లలతో దేశం చూసొస్తే దారి ఖర్చు సర్కారే ఇస్తుంది. గడువు దాటితే ఆ అవకాశం పోయినట్టే. అందుకని గడువు ముగిసే ఏడాది డిసెంబరులో మా మెట్ల మీద ఉద్యోగులు క్యూ కట్టేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఊళ్లు చూడాలని లేదు, ఆ డబ్బు కావాలి. ఇంట్లోవాళ్ల పేర్లు, వయసులు చీటీ మీద రాసిచ్చేవాళ్లు. నేను బస్సు నంబరు, సీటు నంబర్లు, ఏ రోజు ఏ ఊరు చూశారో అందంగా రాసి, ముద్ర కొట్టి ఇచ్చేవాణ్ణి. బస్సు మాత్రం షెడ్డులోంచి కదిలేది కాదు. 'నేను, నా భార్య, నా బిడ్డ ఈ ప్రయాణం చేశాము' అని ఆ ఉద్యోగి తన ఆఫీసులో సంతకం పెట్టేవాడు. మా యజమాని కమీషను పట్టుకునేవాడు. అది దొంగతనమని నాకు తెలుసు. అందరూ చేస్తున్నదే కదా అని సర్దుకున్నాను.

పోయిన ఉగాదికి ముందు ఒక శనివారం దేవిశ్రీ అనే అమ్మాయి మా షట్టర్‌కు వచ్చింది. ముప్పై ఏడేళ్లుంటాయి, హైటెక్ సిటీలో ఏదో కంపెనీలో మేనేజరు. లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టేసరికి నాకు ఒళ్లు మండింది. ఈ ఐటీ పిల్లల సంగతి నాకు బాగా తెలుసు. మూడు గంటలు నాతో ప్లాన్ వేయించుకుంటారు, 'థాంక్యూ అంకుల్' అంటారు, మా మెట్లు దిగేలోపల ఫోన్లో వాళ్లే బుక్ చేసుకుంటారు. ఈమె కూడా ఆ బాపతే అనుకుని మంచినీళ్లు కూడా అడగలేదు.

"అంకుల్, మా అమ్మని ఎక్కడికైనా ఒక పది రోజులు పంపించాలండి. నాన్న పోయి నాలుగు నెలలైంది. గుమ్మం దాటట్లేదు. బాలి అన్నాను, సింగపూర్ అన్నాను, అన్నీ చూపించాను. 'నేను చూడాల్సినవన్నీ చూసేశానే' అంటుంది. ఏం చూసిందండీ? తిరుపతి, అన్నవరం తప్ప మా నాన్న ఆవిడని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. మీరొకసారి వచ్చి మాట్లాడండి. పెద్దవాళ్లు చెబితే వింటుందేమో."

ఆ పిల్ల గొంతులో దిగులు నిజమైనది. నాకు సిగ్గనిపించి, ఆదివారం వస్తానన్నాను.

వాళ్ల ఫ్లాటు ఏడో అంతస్తులో ఉంది. పుణ్యవతి గారికి అరవై ఆరేళ్లు. సన్నగా, ఎత్తుగా ఉంటారు. మోకాళ్ల నొప్పులున్నా కుర్చీలోంచి లేచేటప్పుడు చెయ్యి ఆనించరు. హాల్లో భర్త విశ్వేశ్వరరావు గారి ఫోటోకు దండ వేసి ఉంది. ఆ ముఖాన్ని నేను ఎక్కడా చూసినట్టు అనిపించలేదు. దేవిశ్రీ మమ్మల్ని కూర్చోబెట్టిందో లేదో ఆఫీసు కాల్ వచ్చి లోపలి గదిలోకి వెళ్లింది. పుణ్యవతి గారు ఆ గది తలుపు దగ్గరగా వేసి, బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చారు.

"మీరు టూర్ల మనిషి కదండీ. ఈ కాగితం మీద ముద్ర అసలైనదో కాదో చూసి చెప్పగలరా?"

చూశాను. ఆ ముద్ర మా నాంపల్లి ఆఫీసుది. ఆ రాత నాది. 1993 డిసెంబరు, సౌత్ ఇండియా టూరు, వీడియో కోచ్, పన్నెండు రోజులు. తిరుపతి, మధుర, రామేశ్వరం, కన్యాకుమారి, తిరువనంతపురం, ఊటీ, మైసూరు. ప్రయాణికులు: విశ్వేశ్వరరావు, ఉద్యోగి. పుణ్యవతి, భార్య, ముప్పై అయిదు. దేవిశ్రీ, కూతురు, ఆరు. కన్యాకుమారి పక్కన 'సూర్యాస్తమయ దర్శనం' అని కూడా రాశాను. అప్పటికి నేను సముద్రమే చూడలేదు.

"ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం వెతుకుతుంటే దొరికిందండి," అన్నారామె. "నేను వెళ్లలేదని నాకు తెలుసు. అందులో అనుమానం లేదు. కానీ ఆయన ఎలాంటి మనిషో మీకు తెలీదు. మా దేవి చిన్నప్పుడు ఆయన బ్యాగులోంచి ఆఫీసు పెన్సిలు తీసి బొమ్మ గీస్తే, పిల్లని కోప్పడి, ఆ పెన్సిలు మర్నాడు తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చేశారు. అలాంటి మనిషి ఇలాంటిదాని మీద సంతకం పెట్టారంటే నమ్మలేకపోతున్నాను. ఎవరో దొంగ ముద్ర వేసి ఆయన్ని మోసం చేశారేమోనని."

ఆమె నా ముఖంలోకి చూస్తున్నారు. 'అవునమ్మా, దొంగ ముద్రే' అని నేనంటే చాలు, ఆ ఫోటోలోని మనిషి మళ్లీ ఎప్పటి మనిషే అవుతాడు. ముద్ర అసలైనదే, చేశామని రాసుకున్న ప్రయాణమే దొంగది అని చెప్పాలి. రెండూ చెప్పలేదు. "పాతది కదమ్మా, చెప్పుడు కష్టం" అని నీళ్లు నమిలాను.

ఆమె కాగితాన్ని నా వైపు తిప్పారు.

"అయితే నన్ను వీటికే తీసుకెళ్లండి. ఇందులో ఎలా ఉందో అలాగే, అదే వరసలో. బాలీలు, సింగపూర్లు నాకొద్దు. ఆయన మాట రాసిచ్చి, చెల్లించకుండానే వెళ్లిపోయారు. నేను వెళ్లొస్తే కనీసం నా పేరు వరకైనా అది నిజమవుతుంది. కార్తీకంలో సంవత్సరీకం ఉంది, అది అయ్యేదాకా గుళ్లకి వెళ్లకూడదు. డిసెంబరులో వెళ్దాం. ఇందులోనూ డిసెంబరే కదా." లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించారు. "దేవికి ఈ కాగితం సంగతి తెలియకూడదండి. దానికి వాళ్ల నాన్నంటే ప్రాణం."

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. నా భార్య రుక్కమ్మ ముక్కుసూటి మనిషి, నా ముఖం చూస్తే చాలు ఆమెకు తెలిసిపోతుంది. అంతా చెప్పాను.

"ఇగ ఫికర్ చేసి ఏం ఫాయిదా? పోయి చెప్పు," అన్నది.

"చెప్తె ఇంకోసారి ఆమె గడప తొక్కనిస్తదా?"

"తొక్కనియ్యకపోతె పాయె. ఆయన ఎందుకు చేసిండో, ఎట్ల చేసిండో ఆమె ఎవ్వల్ని అడగాలె? పోయినాయన్ని అడుగుతదా? ఆ దినం ఆడ కూసున్నోనివి నువ్వే. గా ముచ్చట ఇంకోలకు తెల్వదు." గిన్నెలు ఎత్తుతూ ఇంకో మాట కూడా అన్నది. "అయినా ముగ్గురు పోయినట్టు రాసుంటె, ఒక్కతే పోయొస్తె అది నిజమెట్లయితది? ఆమెకు గీ సంగతి తెల్వక గాదు. దుఃఖంల ఉన్నది."

చెబుదామనే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడు నెలలు గడిపాను. ఆ ఏడు నెలల్లో పుణ్యవతి గారు నాకు బాగా తెలిశారు, అదే నా కొంప ముంచింది. ఉగాది పోగానే ఆమె గుమ్మం దాటడం మొదలుపెట్టారు. పొద్దున్నే నడకకు వచ్చి మా షట్టర్ ముందు అయిదు నిమిషాలు కూర్చునేవారు. అమ్మ కోలుకుంటోందని దేవిశ్రీ నాకు ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పింది. ఆ థాంక్స్ నాకు చెంపదెబ్బలా తగిలింది.

ఆమెది పాలకొల్లు దగ్గర పల్లె. పంతొమ్మిదేళ్లకు పెళ్లయి హైదరాబాదు వచ్చారు. ఇరవై ఆరేళ్లు గవర్నమెంటు క్వార్టర్స్‌లో రెండు గదుల ఇంట్లో కాపురం. ఆయన రిటైరయ్యాక ప్రగతి నగర్‌లో చిన్న ఫ్లాటు కొన్నారు. ఆయన పోయాక దాన్ని కిరాయికిచ్చి కూతురి దగ్గరకు వచ్చారు. పెళ్లికి ముందు ఇంటరు ఫస్టు క్లాసులో పాసయ్యారట. క్వార్టర్స్‌లో పక్కింటి పిల్లలకు జాగ్రఫీ చెప్పేవారట, చెప్పినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. మ్యాపు చూడకుండా నదులన్నీ గీసేవారు. ఒకరోజు నా టేబుల్ మీద టూరు పాంప్లెట్ వెనక కావేరి గీసి చూపించారు. ఎక్కడ పుట్టింది, ఎక్కడ వంపు తిరిగింది, ఎక్కడ రెండుగా చీలి శ్రీరంగాన్ని మధ్యలో ఉంచింది, అన్నీ. ఇన్ని టూర్లు అమ్మిన నాకు అందులో సగం తెలియదు.

"చూసినవాళ్ల కంటే మీకే ఎక్కువ తెలుసు గదమ్మా," అన్నాను.

"తెలిస్తే చూసినట్టు కాదు కదండీ," అన్నారామె.

ప్లాను మాత్రం పదిసార్లు మార్చాం. అదంతా బస్సులోనే జరగాలని ఆమె పట్టు, ఎందుకంటే కాగితంలో వీడియో కోచ్ అని ఉంది. "అమ్మా, గా బస్సులు ఇప్పుడు ఎక్కడున్నయ్? ఉన్నా మీ మోకాళ్లు ఆగుతయా?" అని బతిమాలి, మధుర దాకా రైలుకు, అక్కడి నుంచి బండికి ఒప్పించాను. తిరుపతి ఆమె చూసిందే కాబట్టి వదిలేశాం. రైల్లో కింది బెర్తు, మెట్లు లేని గది, ఏకాదశి నాడు అన్నం బదులు ఫలహారం దొరికే చోటు. రామేశ్వరం గుళ్లో ఇరవై రెండు బావుల నీళ్లు పోసుకుంటే జలుబు చేస్తుందేమో అని ఆమె అడిగితే, నేను అక్కడి గైడుకు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఏ కస్టమరుకూ అంత చేయలేదు. చెప్పాల్సిన మాట చెప్పలేనివాడు ఇలాంటి సేవలు చాలా చేస్తాడు.

సంవత్సరీకం అయిన నాలుగో రోజు ఆమె ఆధార్ జిరాక్సు తీసుకుని షట్టర్‌కు వచ్చారు. రుక్కమ్మ కూడా అప్పుడు అక్కడే ఉంది. టికెట్లకు వివరాలు రాసుకుందామని పెన్ను తీశాను. పేరు అడగకుండానే 'పుణ్యవతి' అని రాశాను. వయసు దగ్గర ముప్పై అయిదు అని రాయబోయి ఆగిపోయాను. ఇంకో అక్షరం రాయలేకపోయాను. రుక్కమ్మ నా వైపు చూసింది.

"అమ్మా, ఆ కాగితం రాసింది నేనే," అన్నాను. "ఆ ముద్ర అసలైనదే. అప్పుడు నేను ఆడనే పని చేసేటోణ్ణి. సార్‌ను ఎవ్వలూ మోసం చెయ్యలే. బస్సు పోదని తెలిసే అందరూ వచ్చెటోళ్లు. నేను తెలిసే రాసిన. మొదటి దినమే చెప్పాలె, నాకు మొహం చెల్లలేదు."

ఆమె చేతిలోని ఆధార్ కాగితాన్ని నిదానంగా నాలుగు మడతలు పెట్టారు.

"అయితే ఆయన మీ ముందే నిలబడ్డారన్న మాట."

"అవునమ్మా."

"నా పేరు ఆయనే చెప్పారా?"

"చీటీ మీద రాసిచ్చేటోళ్లమ్మా."

"ఏమన్నారు? ఇచ్చేటప్పుడు ఏమన్నారండీ ఆయన? ఏదో ఒకటి అని ఉంటారు. వెనకాడారా? నిజంగా మా ఆవిణ్ణి తీసుకెళ్దామనే ఉంది, కుదరట్లేదు అని, అలాంటిదేమైనా అన్నారా?"

నా నాలుక చివర ఒక అబద్ధం సిద్ధంగా ఉంది. 'మీ పేరు రాసేటప్పుడు సార్ చెయ్యి వణికిందమ్మా. వచ్చే ఏడు తప్పకుండా తీసుకపోతానన్నడు' అంటే చాలు. ఆమె దాన్ని దాచుకుని బతుకుతారు. ఇంత మేలు చేయడానికి నాకు ఖర్చయ్యేది ఒక్క మాట. అలాంటివి రాసీ రాసీ చెయ్యి తిరిగినవాణ్ణి, నాకది కష్టం కాదు. కానీ ఆ మనిషి పేరు మీద ఒక అబద్ధం ఇదివరకే రాసిచ్చాను. దాన్నే ఆమె ఏడాదిగా మోస్తున్నారు. ఇంకోటి రాసివ్వడానికి మనసొప్పలేదు.

"గుర్తు లేదమ్మా," అన్నాను. "ఆ వారంల మూడు బస్సులు నింపిన, అన్నీ కాగితాల మీదనే. ఎవ్వల మొహం చూడలే. సార్ ఫోటో మీ ఇంట్ల చూసినా గుర్తు రాలే. ఏమన్నడో, ఏమన్న అన్నడో లేదో నాకు తెల్వదు."

ఆమె లేచారు. రుక్కమ్మ పోసిన చాయ్ అలాగే ఉండిపోయింది. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడకుండానే నడిచి వెళ్లారు. రుక్కమ్మ వెనకాలే వెళ్లి అపార్ట్‌మెంట్ గేటు దాకా దిగబెట్టి వచ్చింది.

పన్నెండు రోజులు ఆమె ఇటు రాలేదు. అమ్మ మళ్లీ మౌనంగా ఉంటోందని, మీ దగ్గర ఏమైనా జరిగిందా అని దేవిశ్రీ ఫోన్ చేసింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. పదమూడో రోజు పొద్దున షట్టర్ ఎత్తుతుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"ఎల్లేశం గారూ, టికెట్లు తీయండి. మీరు కూడా రావాలి. మీ చేత్తో రాస్తే నేను వెళ్లినట్టయింది కదా. ఇప్పుడు మీరే తీసుకెళ్లి చూపించాలి. రుక్కమ్మ గారినీ తీసుకురండి."

నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. దేవిశ్రీకి మాత్రం, పెద్దవాళ్ల గుంపుతో వెళ్తున్నాను, నువ్వు నీ ఆఫీసు పని చూసుకో అని చెప్పారట. ఆ పిల్ల కాచిగూడ స్టేషనుకు వచ్చి, వాళ్లమ్మ బ్యాగులో మాత్రల డబ్బా, స్వెట్టరు, చార్జర్ ఒక్కొక్కటే తడిమి చూసి, రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. ఏడుపు ఆపుకోవడం తెలుస్తూనే ఉంది. పుణ్యవతి గారు కూతురి వేళ్ల మీద చెయ్యి వేసి ఉంచారు.

మధుర గుళ్లో ఆమె నాలుగు గంటలు తిరిగారు. రామేశ్వరంలో ఇరవై రెండు బావుల నీళ్లూ పోయించుకున్నారు, జలుబు రుక్కమ్మకు చేసింది. దారంతా ఆమె ఆ ఫైలు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు. ఊరు చేరగానే కాగితంలో ఆ ఊరి పేరు మీద వేలు పెట్టి చూసుకునేవారు. కానీ ముఖంలో సంతోషం కనబడలేదు. కన్యాకుమారి చేరిన సాయంత్రం మబ్బు పట్టి, నేను రాసిన సూర్యాస్తమయం కనబడలేదు.

మర్నాడు పొద్దున సంగమం మెట్ల దగ్గరకు వెళ్లాం. అయ్యప్ప స్వాములు గుంపులు గుంపులుగా మునుగుతున్నారు. అంతకు ముందు నేనూ కన్యాకుమారి చూడలేదు, ఆ మాట ఆమెతో రైల్లోనే చెప్పాను. రుక్కమ్మ చీర మోకాళ్ల దాకా ఎత్తి నీళ్లలో దిగింది. పుణ్యవతి గారు పై మెట్టు మీద కూర్చుని, ఫైలు పక్కన పెట్టి, సముద్రం వైపు చూస్తూ ఉండిపోయారు. నేను రెండు మెట్లు కింద నిలబడ్డాను.

"ఆ జనవరిలో మా ఇంటికి ఫ్రిజ్ వచ్చిందండి," అన్నారు ఉన్నట్టుండి. "ఎరియర్స్ వచ్చాయని చెప్పారు. క్వార్టర్స్‌లో మా వరసకంతటికీ అదే మొదటి ఫ్రిజ్. నేనెంత మురిసిపోయానో. పక్కిళ్ల పిల్లలకి ఐసుముక్కలు పంచిపెట్టాను. పంతొమ్మిదేళ్లు పాలూ పెరుగూ అందులోనే పెట్టాను. అది కన్యాకుమారి అని నాకు తెలీదు."

రుక్కమ్మ నీళ్లలోంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"మోసం చేశారండి నన్ను," అన్నారు పుణ్యవతి గారు. "గవర్నమెంటుని చేశారో లేదో అది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. నన్ను చేశారు. ఒక్క మాట అడగాల్సింది. అడిగితే నేనేమనేదాన్నో తెలుసా? ఫ్రిజ్జే కొనండి అనేదాన్ని. ఖాయంగా అదే అనేదాన్ని. చిన్నపిల్లతో వేసవిలో పాలు విరిగిపోతుంటే ఎవరైనా అదే అంటారు. కానీ అడగలేదు."

అప్పుడు ఏడ్చారు. భర్త పోయినప్పుడు కూడా అలా ఏడ్చి ఉండరని నాకనిపించింది. రుక్కమ్మ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, ఊరుకొమ్మని అనకుండా, అలాగే పట్టుకుని కూర్చుంది. నాకు నా మీద అసహ్యం వేసింది, ఆ ఫోటోలోని మనిషి మీద కోపం వచ్చింది, ఆయన మీద జాలి కూడా కలిగింది. ఆయనా నేనూ కలిసి ఒక మనిషిని ఆమెకు తెలియకుండా ఊళ్లు తిప్పాం.

ఎండ ఎక్కాక ఆమె ముఖం కడుక్కుని వచ్చారు. నేను చేతి గడియారం చూసుకుని, "తొమ్మిదిన్నరకు బండి వస్తదమ్మా. తరువాత తిరువనంతపురం," అన్నాను.

"వద్దండి."

"అలసిపోయిన్రా? రేపు పోదాం."

"రేపు కూడా వద్దు. మిగతావేవీ వద్దు. ఇవన్నీ ఆయన ఇచ్చిన చీటీకి మీరు రాసిన ఊళ్లు. నేను వెళ్లినా అది నిజం కాదండి. మీ ఆవిడ ఆ రోజు నన్ను గేటు దాకా దిగబెడుతూ అదే అన్నారు. నాకే వినబుద్ధి కాలేదు."

రుక్కమ్మ తల వంచుకుంది. ఆ మాట ఆమె నాకు చెప్పనే లేదు.

"మంచిదమ్మా," అన్నాను. "తిరుగు రైలు టికెట్ ఇంకా వారానికున్నది. బండి మనదే. మీకు యాడికి పోవాలనిపిస్తే ఆడికి పోదాం. మీరు చెప్పున్రి."

ఆమె వెంటనే ఏదో చెప్పబోయి ఆగారు. మళ్లీ నోరు తెరిచారు. నదులన్నీ మ్యాపు లేకుండా గీసే మనిషి, నా వైపు అయోమయంగా చూశారు.

"నాకు ఎక్కడికి వెళ్లాలని ఉందో నాకే తెలీదండి. అరవై ఆరేళ్లొచ్చాయి, ఈ మాట నన్నెవరూ అడగలేదు. దేవి కూడా పేర్లు చెప్పి వీటిలో ఏదో ఒకటి తీసుకోమంది గానీ, ఇలా అడగలేదు. కొంచెం ఆలోచించుకోనిస్తారా?"

"ఎంతసేపైనా ఆలోచించుకోండమ్మా."

డ్రైవరు ఫోన్ చేశాడు. బండి పక్కకు పెట్టుకుని టిఫిను తినమని చెప్పాను. రుక్కమ్మ వెళ్లి మూడు చాయ్‌లు పట్టుకొచ్చింది. పుణ్యవతి గారు ఈసారి చాయ్ తీసుకున్నారు. సముద్రం వైపు చూస్తూ, పెదవుల మధ్య ఒక్కో ఊరి పేరూ అనుకుంటూ, కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతూ, మళ్లీ ఇంకో పేరు అనుకుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నం పన్నెండయినా ఆమె ఇంకా ఏ ఊరూ చెప్పలేదు.